హిమోగ్లోబిన్ 8.6, రోజూ బీట్‌రూట్ జ్యూస్ తాగుతున్నా పెరగట్లేదు అని అడిగిన చెల్లికి

చెల్లీ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఐదో నెల, మొదటి కాన్పు. హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. నెల రోజుల నుంచి పొద్దున్నే బీట్‌రూట్ జ్యూస్, సాయంత్రం దానిమ్మ గింజలు, రాత్రి పాలల్లో ఖర్జూరం, అయినా పోయిన నెల 8.8 ఉన్నది ఇప్పుడు ఇంకొంచెం దిగింది. డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, విరేచనం నల్లగా గట్టిగా అవుతోంది, అందుకని వారానికి రెండు మూడుసార్లే వేసుకుంటున్నారు. మీ అత్తగారేమో ఆ మాత్రలు వేడి చేస్తాయి, బిడ్డ నల్లగా పుడతాడు అంటున్నారు. థైరాయిడ్ మాత్ర కూడా వాడుతున్నారు. గుడ్డు, పాలు పర్లేదు, మాంసం అలవాటు లేదు. చివర్లో ఇంకో మాట సిగ్గుపడుతూ రాశారు, వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకోవాలనిపిస్తోంది అని. నాకు అన్నిటికంటే ముందు కంట్లో పడింది ఆ మాటే, దాని గురించి కింద చెప్తాను.

నేను పల్నాడు వైపు పల్లెల్లో 21 ఏళ్ళు ఏఎన్‌ఎంగా, అంటే సర్కారు నర్సమ్మగా చేశాను. డాక్టర్ని కాదు, మీ డోసు మీ డాక్టరే చెప్పాలి. కానీ ఐరన్ మాత్రలు చేతిలో పెట్టడం, అవి మింగారా లేదా చూడటం, ఎందుకు మింగట్లేదో వాళ్ళ అరుగు మీద కూర్చుని వినడం, ఇదే నా ఉద్యోగంలో సగం. ఆ అనుభవంతో చెప్తున్నా.

ముందు ఆ నంబర్ సంగతి. కడుపుతో ఉన్నప్పుడు హిమోగ్లోబిన్ 11 ఉండాలి అంటారు. 10 నుంచి 10.9 ఉంటే కొద్దిగా తక్కువ, 7 నుంచి 9.9 మధ్య ఉంటే మధ్యరకం రక్తహీనత, 7 కంటే కిందకి పోతే అది ప్రమాదం, హాస్పిటల్లోనే చూడాలి. మీది మధ్యలో ఉంది. ఇంకో సంగతి, ఈ నెలల్లో ఒంట్లో నీరు శాతం పెరిగి రక్తం పల్చబడుద్ది, రక్తంలో ద్రవం దాదాపు సగం వంతు పెరిగితే ఎర్ర కణాలు అంత పెరగవు, అందుకే అందరికీ నాలుగు ఐదు నెలల్లో నంబర్ కొంచెం దిగుద్ది. అది మామూలే. కానీ 8.6 అనేది ఉత్త పల్చదనం కాదు, చాలామందిలో నిల్వలు ఖాళీ అయ్యాయి అని అర్థం. భయపడి ఏడవాల్సిన పని లేదు, అలాగని "నాకు నీరసంగా ఏం లేదు కదా" అని వదిలేసే పనీ కాదు. మీ చేతిలో ఇంకా నాలుగు నెలలు ఉన్నాయి, అది మంచి టైమ్.

కడుపుతో ఉన్న తొమ్మిది నెల్లకి కలిపి ఆడమనిషికి అదనంగా కావాల్సిన ఐరన్ సుమారు ఒక గ్రాము. చూడ్డానికి చిటికెడు. అందులో 300 మిల్లీగ్రాములు బిడ్డకీ మాయకీ పోద్ది, దాదాపు సగం మీ ఒంట్లో కొత్తగా తయారయ్యే రక్తానికి పోద్ది. బిడ్డ తనకి కావాల్సింది తను లాగేసుకుంటది, తల్లి దగ్గర లేకపోయినా లాగుద్ది, కరువు ముందు తల్లికే వస్తది. పుట్టాక మొదటి ఐదారు నెలలు బిడ్డ బతికేది ఈ దాచుకున్న ఐరన్ మీదే, తల్లిపాలల్లో అది చాలా తక్కువ ఉంటది కాబట్టి.

ఇప్పుడు బీట్‌రూట్. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుద్ది అనే నమ్మకం మనలో ఎంత లోతుగా ఉందంటే చదువుకున్న వాళ్ళు కూడా ముందు దాని దగ్గరికే పోతారు. లెక్క చూడండి. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. మీరు గ్లాసు జ్యూస్‌కి పావు కిలో దుంప వేసినా రెండు మిల్లీగ్రాములు, అదీ వడకట్టకుండా తాగితే. దానిమ్మలో ఇంకా తక్కువ. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు గర్భిణికి రోజుకి 27 మిల్లీగ్రాములు కావాలని చెప్తారు. మనం తినే అన్నం, పప్పు, కూరల్లో ఉన్న ఐరన్‌లో కొద్ది వంతే ఒంటికి పట్టుద్ది, అది లెక్కలో పెట్టుకునే ఆ 27 అని చెప్పారు. మరి ఆ జ్యూస్‌తో ఎప్పటికి నిండుద్ది? తాగొద్దని నేను అనట్లేదు, ఇష్టమైతే కూరగాయలా తినండి, దానిమ్మ కూడా మంచి పండే. కానీ దాన్ని మందు అనుకుని అసలు మందు మానేశారు చూడండి, అక్కడే మీ నంబర్ దిగింది.

సర్కారు ఇచ్చే ఎర్ర మాత్ర ఒక్కదాన్లో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటది. నాలుగో నెల నుంచి రోజుకి ఒకటి చొప్పున 180 రోజులు, కాన్పు అయ్యాక ఇంకో 180 రోజులు. రక్తం తక్కువ ఉన్న వాళ్ళకి రోజుకి రెండు ఇస్తారు. ప్రైవేట్‌లో ఇచ్చేవి పేరు వేరు, లోపల సరుకు ఇంచుమించు అదే.

ఒక సంగతి చెప్తాను, చెప్పడం కష్టమే అయినా. నేను చేరిన నాలుగో ఏడు, మా సబ్‌సెంటర్ కింద ఒక అమ్మాయి ఉండేది, రెండో కాన్పు, పత్తి చేలో కూలికి వెళ్ళేది. నెల నెలా మాత్రలు ఇచ్చాను, రిజిస్టర్‌లో "ఇచ్చాను" అని రాసుకున్నాను. మింగుతున్నావా అంటే ఆఁ అని తల ఊపేది. తొమ్మిదో నెల్లో రాత్రి పదకొండింటికి నొప్పులొచ్చాయని కబురొస్తే ఆటోలో తీసుకెళ్ళాం. కనురెప్ప కిందకి లాగి చూస్తే కాగితంలా తెల్లగా ఉంది, అరచేతి గీతల్లో కూడా ఎరుపు లేదు. హిమోగ్లోబిన్ ఆరు చిల్లర. మామూలుగా ఆడవాళ్ళు తట్టుకునేంత రక్తమే పోయింది ఆ కాన్పులో, కానీ ఆ పిల్ల దగ్గర పోగొట్టుకోవడానికి ఏం ఉందని? తెల్లారేదాకా రక్తం కోసం వాళ్ళాయన, వాళ్ళ తమ్ముడు, నేను తిరిగాం. బతికింది. బిడ్డ రెండు కేజీలు. తర్వాత వారం ఇంటికెళ్తే వాళ్ళ అమ్మ బియ్యం డబ్బా వెనకాల నుంచి ఒక కవర్ తీసి నా చేతిలో పెట్టింది, నేను ఇచ్చిన మాత్రలన్నీ అందులో షీట్లు షీట్లుగా అలాగే ఉన్నాయి. కడుపులో తిప్పుద్దని పక్కన పెట్టిందంట. నేను ఒక్కసారి కూడా "ఎలా ఉంటోంది వేసుకుంటే" అని అడగలేదు. ఆ రోజు నుంచి ఎవరికి ఇచ్చినా ముందు అదే అడిగేదాన్ని. మిమ్మల్ని భయపెట్టడానికి రాయలేదమ్మా, కడుపులో తిప్పడం అనేది చిన్న కారణం కాదు, దానికి మార్గం ఉంది, ఎవరూ కూర్చుని చెప్పక ఆడవాళ్ళు మానేస్తారు.

మార్గం ఏంటంటే టైమ్. మీకు మూడు మాత్రలు ఉండి ఉంటాయి, థైరాయిడ్, కాల్షియం, ఐరన్. ఈ మూడూ ఒకదానికొకటి పడవు. చాలామంది పొద్దున్నే టిఫిన్ తిని మూడూ ఒకే గుక్కలో మింగేసి వెంటనే టీ తాగుతారు, మింగిన పుణ్యం తప్ప ఫలితం సరిగ్గా రాదు. థైరాయిడ్ మాత్ర లేవగానే పరగడుపున ఉత్త నీళ్ళతో వేసుకోండి, ఆరింటికి అనుకోండి, తర్వాత అరగంట గంట దాకా ఏమీ వద్దు. దానికీ ఐరన్‌కీ, దానికీ కాల్షియంకీ కనీసం నాలుగు గంటలు తేడా ఉండాలి. ఐరన్ పదకొండు ప్రాంతంలో, అంటే టిఫిన్ అరిగిపోయి అన్నానికి ఇంకా టైమ్ ఉన్నప్పుడు, గ్లాసు నీళ్ళల్లో అర చెక్క నిమ్మకాయ పిండుకుని దాంతో వేసుకోండి. కాల్షియం మధ్యాహ్నం అన్నంతో ఒకటి, రాత్రి అన్నంతో ఒకటి. డాక్టర్ రెండు ఐరన్ మాత్రలు రాస్తే రెండోది రాత్రి తిన్న రెండు గంటల తర్వాత, పడుకునే ముందు. రెండూ ఒకేసారి మింగొద్దు, ఎక్కువ పట్టదు, కడుపు మాత్రం ఎక్కువ పాడవుద్ది.

పదకొండింటికి వేసుకుంటే మీకు తిప్పుతోంది అంటే రాత్రి పడుకునే ముందు దానితో మొదలుపెట్టండి, నిద్రలో తెలియదు. అప్పుడూ కష్టంగా ఉంటే రెండు ముద్దలు ఏదైనా తిని వేసుకోండి, పరగడుపున పట్టినంత పట్టదు కానీ మానేసిన మాత్ర కంటే సగం పట్టిన మాత్ర నయం కదా. వారం పది రోజుల్లో చాలామందికి అలవాటైపోద్ది. కాకపోతే డాక్టర్‌ని అడిగి వేరే రకం రాయించుకోండి, ఐరన్‌లో రకాలు ఉన్నాయి, ఒకటి పడకపోతే ఇంకోటి పడుద్ది. అడగడానికి మొహమాట పడొద్దు. గ్యాస్ మాత్ర రోజూ వాడుతుంటే అది కూడా చెప్పండి, ఆ మాత్రల వల్ల ఐరన్ సరిగా పట్టదు.

విరేచనం నల్లగా రావడం గురించి అస్సలు భయపడకండి. మిగిలిపోయిన ఐరన్ రంగు అది, అంతే. మలబద్ధకానికి నీళ్ళు బాగా తాగాలి, రోజూ ఒక జామకాయ, ఆకుకూర, రాత్రి నానబెట్టిన కిస్‌మిస్ పొద్దున్నే, సాయంత్రం అరగంట నడక. దానితో కూడా తగ్గకపోతే డాక్టర్ రాసిన పొడో సిరప్పో వాడండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఆముదం ఇస్తామంటారు, కడుపుతో ఉన్నప్పుడు ఆముదం మాత్రం తాగొద్దు, పేగులు కదిలించడంతో ఆగదు, నొప్పులు కూడా తెప్పించొచ్చు.

ఇంకోటి, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఆ షీట్లు వాళ్ళకి అందని చోట పెట్టండి. ఎర్రగా తియ్యటి బిళ్ళల్లా కనపడతాయి, చిన్నపిల్లలు నాలుగు మింగితే ప్రాణం మీదకి వస్తది.

సరే తిండి దగ్గరికి వద్దాం. మాత్ర ఉంది కదా తిండెందుకు అనుకోవద్దు, రెండూ కావాలి. మన వంటింట్లో ఐరన్ ఉన్నవి చాలానే ఉన్నాయి, కాకపోతే అవి ఎర్రగా ఉండవు. నువ్వులు, ఉలవలు, సెనగలు, సజ్జలు, తోటకూర, గోంగూర, మునగాకు. 100 గ్రాముల ఉలవల్లో ఎనిమిది మిల్లీగ్రాముల దాకా ఉంటది, సజ్జల్లో ఆరు దాకా, నువ్వుల్లో పదమూడు పైనే, పక్కన మీ బీట్‌రూట్‌ని పెట్టి చూడండి. కానీ ఆకులో, గింజలో ఉన్న ఐరన్‌ది మొండి స్వభావం, తోడు లేకుండా లోపలికి పోదు. దానికి తోడు పులుపు, అంటే విటమిన్ సి. నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయ, టమాటా. జామకాయలో విటమిన్ సి కమలాపండు కంటే నాలుగింతలు. తోటకూర పప్పు చేసుకున్నారనుకోండి, స్టవ్ మీద ఉండగా కాదు, దించి కంచంలో వడ్డించుకున్నాక నిమ్మకాయ పిండుకోండి, వేడికి ఆ విటమిన్ పోద్ది. పప్పు గింజలు రాత్రంతా నానబెట్టి, వీలైతే మొలక కట్టించి వండుకుంటే ఐరన్‌ని పట్టి ఉంచే పదార్థం తగ్గి ఇంకాస్త ఎక్కువ పట్టుద్ది. మొలకలు పచ్చివి వద్దు, ఈ టైమ్‌లో ఉడికించి తాలింపు వేసుకుని తినండి.

అలాగే ఇనప మూకుడు. మా అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో గోంగూర ఇనప మూకుట్లోనే వేయించేవాళ్ళు, మూకుడు అడుగున నల్లటి జిగురు పట్టేది. పుల్లటి కూర ఇనప మూకుట్లో ఉడికితే ఆ ఇనుము కొంత కూరలోకి దిగుద్ది, ఇది నమ్మకం కాదు, కొలిచి చూసిన విషయమే. నాన్‌స్టిక్ పెనం పక్కన పెట్టి ఒక ఇనప మూకుడు కొనుక్కోండి, సంతలో దొరుకుద్ది. వండాక కూర అందులోనే వదిలేయకుండా వేరే గిన్నెలోకి తీసేయండి, లేకపోతే రుచి మారిపోద్ది.

టీ, కాఫీల గురించి మీరు రాయలేదు కానీ మన ఇళ్ళల్లో అన్నం తిన్న పావుగంటకి టీ పడాల్సిందే. టీలో ఉండే వగరు ఐరన్‌ని కట్టేసి బయటికి పంపిస్తది. మానేయమని చెప్తే ఎవరూ మానరు, నేను చెప్పేదల్లా అన్నానికీ టీకీ మధ్య గంటన్నర, మాత్రకీ టీకీ మధ్య రెండు గంటలు. రోజుకి రెండు కప్పులు దాటకండి. పాలు, పెరుగు కూడా మాత్రతో వద్దు, వేరే పూట తీసుకోండి. రాగి జావ గురించి చాలామంది అడుగుతారు, రాగుల్లో కాల్షియం బ్రహ్మాండంగా ఉంటది, ఐరన్ కోసం అయితే సజ్జలు మేలు. జావ ఒక పూట, సజ్జ రొట్టె ఒక పూట పెట్టుకుంటే సరిపోద్ది.

మీరు గుడ్డు తింటారు కాబట్టి రోజూ రెండు ఉడకబెట్టినవి తినండి. గుడ్డులో ఐరన్ పెద్దగా పట్టదు గానీ ప్రొటీన్ కోసం, బీ12 కోసం అది కావాలి. ఐదు ఆరు నెలల్లో రోజుకి దాదాపు పది గ్రాముల ప్రొటీన్ అదనంగా కావాలి, ఏడో నెల నుంచి 22 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. మాంసం అలవాటు లేని వాళ్ళల్లో బీ12 తక్కువ ఉండటం నేను చాలా చూశాను, అది తక్కువైనా రక్తం పెరగదు, డాక్టర్‌ని ఒకసారి ఆ టెస్ట్ గురించి అడగండి. మాంసం తినే వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, వేట మాంసంలో ఐరన్ బాగా పట్టుద్ది, బాగా ఉడికించుకుని తినండి, కార్జం మాత్రం కడుపుతో ఉన్నప్పుడు వద్దు, అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ ఉండి బిడ్డకి చేటు చేయొచ్చు.

ఇద్దరి తిండి తినాలి అని పెద్దవాళ్ళు కంచం నింపుతారు. నిజానికి ఈ నెలల్లో అదనంగా కావాల్సింది రోజుకి 350 క్యాలరీలు, అంటే ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, ఒక జొన్న రొట్టె, అంతే. అన్నం రెండింతలు చేస్తే బరువు పెరుగుద్ది, రక్తం పెరగదు. మామూలు బరువు ఉన్న మనిషి తొమ్మిది నెల్లకి పది పన్నెండు కేజీలు పెరిగితే బాగుంటది. ఇంకో వైపు దీనికి పూర్తిగా ఉల్టా మాట కూడా విన్నాను, తక్కువ తింటే బిడ్డ చిన్నగా ఉండి నార్మల్ డెలివరీ అవుద్దని ఏడో నెల నుంచి అమ్మాయికి రాత్రి అన్నం తగ్గించే ఇళ్ళు. దయచేసి ఆ పని చేయొద్దు. బిడ్డ బరువు తక్కువ పుడితే ఆ కష్టం కాన్పు రోజుతో అయిపోదు.

ఖర్జూరం, జ్యూస్, బెల్లం అన్నీ కలిపి రోజూ ఎంత చక్కెర పోతోందో కూడా చూసుకోండి. మన వాళ్ళకి కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. మొదటి చెకప్‌లో ఒకసారి, మళ్ళీ 24 నుంచి 28 వారాల మధ్య ఒకసారి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి రక్తం తీస్తారు, 140 గానీ ఆపైన గానీ వస్తే షుగర్ ఉన్నట్టు. మీకు రెండోది త్వరలో వస్తది, తప్పించుకోవద్దు, తియ్యటి నీళ్ళు తాగలేక వాంతి అవుద్దని చాలామంది ఎగ్గొడతారు.

ఫోలిక్ యాసిడ్ గురించి ఒక్క మాట చెప్పాలి, నాకు ఇష్టమైన విషయం. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లాండ్ డాక్టరమ్మ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో రక్తం ఎందుకు పల్చబడుతోందో వెతికింది, ఈస్ట్‌తో చేసిన ఒక చవక పదార్థం తినిపిస్తే వాళ్ళు కోలుకోవడం చూసింది. అందులో ఉన్నదేంటో తర్వాత తేలింది, అదే ఫోలిక్ యాసిడ్. దాన్ని ల్యాబ్‌లో తయారు చేసే పని 1940లలో అమెరికాలో లెడర్లే కంపెనీలో ఎవరి ఆధ్వర్యంలో జరిగిందో తెలుసా, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. తిన్నది ఒంటికి పట్టని స్ప్రూ అనే పేగుల జబ్బుతో తోబుట్టువుల్ని పోగొట్టుకున్న మనిషి ఆయన, ఆ జబ్బుకి కూడా ఇది మందయింది. మీ చేతిలో ఉన్న ఆ మాత్ర వెనక ఒక తెలుగాయన కష్టం ఉంది అని మీ అత్తగారికి చెప్పండి, మా ఊళ్ళల్లో ఈ కథ చెప్తే ముసలమ్మలు ఎంత శ్రద్ధగా వినేవాళ్ళో.

అత్తగారి సంగతి ఇది. ఆవిడ మీద కోపం పెట్టుకోకండి. వేడి చేస్తది అనేది ఆవిడ పుట్టించిన మాట కాదు, కడుపులో మంట, తిప్పడం, నల్లటి విరేచనం కళ్ళారా చూసి పెద్దవాళ్ళు దానికి పెట్టిన పేరు. లక్షణం నిజమే, అర్థమే తప్పు. రంగు తల్లిదండ్రుల నుంచి వస్తది, మాత్ర నుంచి రాదు, కుంకుమ పువ్వు నుంచీ రాదు. నువ్వులు తింటే కడుపు పోద్ది అంటారు, వారంలో నాలుగైదు రోజులు ఒక నువ్వుల ఉండ తింటే ఏమీ కాదు. బొప్పాయి కాయ, అదే పచ్చిది పాలు కారేది వద్దు, బాగా పండిన బొప్పాయితో భయం లేదు, కానీ ఇంట్లో దాని మీద గొడవ పడేంత అవసరం కూడా లేదు, జామకాయ ఉంది కదా. మీరు చేయాల్సింది ఒకటే, వచ్చే చెకప్‌కి అత్తగారిని వెంట తీసుకెళ్ళండి. డాక్టర్ నోటి నుంచి ఆవిడ చెవిన పడాలి, రిపోర్ట్‌లో 8.6 కింద గీత గీసి చూపించాలి. నేను చూసినంతలో కోడళ్ళకి మాత్రలు టైమ్‌కి గుర్తుపెట్టుకుని ఇచ్చింది మొగుళ్ళు కాదు, ఒప్పుకున్న అత్తగార్లే. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా డాక్టర్ చెకప్ ఉంటది, ప్రైవేట్‌లో చూపించుకునే వాళ్ళు కూడా వెళ్ళొచ్చు. అంగన్‌వాడీలో పేరు రాయించుకోండి, గుడ్లు, పాలు మీకు హక్కుగా వస్తాయి, అది తీసుకోవడంలో చిన్నతనం ఏం లేదు.

ఇక బియ్యం. సిగ్గుపడే విషయం కాదమ్మా ఇది. ఒంట్లో ఐరన్ ఖాళీ అయినప్పుడు మనసు ఇలాంటి వాటి మీదకి పోద్ది. బియ్యం, బలపాలు, సుద్దముక్క, గోడ సున్నం, తడి మట్టి, ఐసు ముక్కలు. ఒకావిడ కొంగు చివర ముడి వేసుకుని తిరిగేది, ఎప్పుడు విప్పి చూపించమన్నా డబ్బులు అనేది, ఒకరోజు బరువు చూసే మిషన్ మీద ఎక్కుతుంటే ముడి ఊడి టకటకా బలపం ముక్కలు రాలాయి. ఎంత ఏడ్చిందో, ఇంట్లో చెప్పొద్దని కాళ్ళు పట్టుకుంది. దొంగతనం చేసినట్టు దాచుకుంటారు, అందుకే డాక్టర్‌కి తెలియదు. మీరు మీ డాక్టర్‌కి చెప్పండి, అది రోగ నిర్ధారణకి పనికొచ్చే మాట. బియ్యంతో పెద్ద విషం లేదు గానీ కడుపు నిండి అసలు తిండి తగ్గుద్ది, పళ్ళు పాడవుతాయి. మట్టి అలవాటు ఉంటే నులిపురుగులు కూడా చేరతాయి, వాటిలో కొన్ని రక్తాన్ని పీలుస్తాయి. నాలుగో నెల దాటాక ఒకసారి ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర సర్కారు ఆసుపత్రిలో ఇస్తారు, మీరు వేసుకున్నారో లేదో చూసుకోండి. బయట తిరిగేటప్పుడు, దొడ్డికి వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకోండి, కొంకిపురుగు పాదం చర్మంలోంచే లోపలికి పోద్ది.

మాత్ర రోజూ సరిగ్గా పడితే నెలకి హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగాలి. క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న రోజు టిక్కు పెట్టుకోండి, నెల తర్వాత సీబీపీ, అంటే హిమోగ్లోబిన్ చూసే రక్తపరీక్ష చేయించండి. టిక్కులన్నీ ఉండి కూడా 9.6 దగ్గరికి రాలేదంటే లోపల ఇంకేదో ఉంది. ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, బీ12 చూస్తారు, తలసేమియా లాంటి వంశపారంపర్యపు లక్షణం ఉందేమో దానికి వేరే రక్తపరీక్ష ఉంటది, అది ఉంటే భర్తకి కూడా చేయించాలి. లేదా ఐరన్‌ని సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కిస్తారు, దానికి జడుసుకోవద్దు, నోటితో పట్టని వాళ్ళకి అది మంచి దారి, హాస్పిటల్లో డాక్టర్ ఉండగా చేసే పని. అది ఏడో నెల ముందే తేలిపోతే మీకు టైమ్ ఉంటది, తొమ్మిదో నెలలో మొదలుపెడితే రక్తం ఎక్కించాల్సి రావొచ్చు.

ఈలోపు నడుస్తుంటే ఆయాసం, గుండె దడ, కూర్చున్నా ఊపిరి ఆడనట్టు ఉంటే నెల దాకా ఆగొద్దు, ఆ రోజే వెళ్ళండి. తలనొప్పి తగ్గకుండా ఉండటం, కళ్ళు మసకలు, ముఖం చేతులు ఉబ్బడం, డొక్కల కింద నొప్పి, రక్తం కనపడటం, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించడం, ఇవి రక్తహీనతతో సంబంధం లేకపోయినా అర్ధరాత్రి అయినా సరే వెళ్ళాల్సినవి.

ఐరన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకే చాలామందికి బియ్యం మీద, బలపం మీద మనసు పోవడం తగ్గిపోద్ది, రిపోర్ట్ రాకముందే ఒళ్ళు చెప్తుంది. ఆ కోరిక ఎప్పుడు తగ్గిందో ఆ తేదీ కూడా క్యాలెండర్‌లో మాత్ర టిక్కు పక్కనే రాసి పెట్టుకోండి, చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆ కాగితం తీసుకెళ్ళి డాక్టర్‌కి చూపించండి.